చిలక బోర్డు ఐదో అంతస్తుకెక్కిన రోజు

ఇస్తాంబుల్‌లో ఒక ఏటవాలు వీధి మొదట్లో ఉన్న రుస్తెమ్ టీ కొట్టుకి సాయంత్రం కాగానే కిరాణా సఫెత్ వచ్చి కూర్చుని కోతలు కోస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆ కోతలు నవ్వుకుంటూ విన్న రుస్తెమ్‌కి, ఇవాళ మాత్రం గ్లాసులు కడుగుతుంటే ఒళ్లు మండిపోతోంది.

"మొన్న జరిగింది చిన్న విషయమేలే," మొదలెట్టాడు సఫెత్. "మునెవ్వెర్ అమ్మమ్మ మూడో అంతస్తు కిటికీలోంచి తాడుకి గంటా బుట్టా కట్టి నా కొట్టు ముందుకి దింపింది. ఎప్పట్లాగే రొట్టె పెట్టాను. పైన ఊరికే ఒక పుదీనా కట్ట వేశాను."

"ఊరికేనా? నువ్వా?" అన్నాడు మంగలి ఇల్హాన్.

"విను ముందు. ఈ చివర చిలక బోర్డు సూపర్ మార్కెట్టు, ఆ చివర గొడుగు బోర్డుది. చిలకవాడు భయపెట్టి అమ్ముతాడు. శుక్రవారం తలుపు కింద కాగితం తోస్తాడు, నూనె సగం ధరకే, మూడు రోజులే అని. పరిగెత్తుకెళ్తే నూనె ఉండదు, ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని బయటికొస్తావ్. గొడుగువాడు ముద్దుచేసి అమ్ముతాడు. కార్డంటాడు, పాయింట్లంటాడు, పుట్టినరోజుకి ఫోన్లో మెసేజీ పెడతాడు. మా అమ్మ పోయి నాలుగేళ్లయింది, ఇప్పటికీ ఏటా ఆవిణ్ణి నిండు నూరేళ్లు బతకమంటాడు, సిగ్గులేని వెధవ. నా దగ్గరేముంది? పుదీనా కట్ట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"మర్నాటికి కిటికీకో బుట్ట. చిలకవాడు రెండు కట్టలిచ్చాడు, నేను పుచ్చకాయ ఇచ్చాను. గొడుగువాడు పాయింట్లు రెట్టింపు చేశాడు, నేను గొర్రెపిల్లనిచ్చాను. బుట్టలు ఎంత దట్టంగా దిగాయంటే మధ్యాహ్నమే వీధి దీపాలు వేశారు. సముద్రం అవతలి గట్టు నుంచి కూడా తాళ్లు విసిరారు, పడవలు పొగగొట్టాలు వంచుకుని పోయాయి. చివరికి ఓ తాడు చిలక బోర్డుకి చిక్కుకుంది. ఆడవాళ్లంతా కలిసి ఒక్క లాగు లాగారు. కొట్టు కొట్టంతా ఐదో అంతస్తుకి లేచింది, ఫ్రిజ్జులతో సహా. మేనేజరు కిందికి చూసి ఏడుస్తున్నాడు, సఫెత్ బాబాయ్, దింపించు అని. ఉండరా అక్కడే అన్నాను."

అందరూ నవ్వారు. రుస్తెమ్ నవ్వలేదు.

"ఆ మేనేజరు పొద్దున కిందే ఉన్నాడన్నా," అన్నాడు గ్లాసు తుడుస్తూ. "టేపు పెట్టి నీ షట్టరు కొలుస్తున్నాడు. రెండో చివర పట్టుకున్నది నువ్వే."

నవ్వులు ఆగిపోయాయి. సఫెత్ మొహం ఎర్రబడింది.

"మరేం చెయ్యమంటావ్, కొట్టు వాడికిచ్చెయ్యక? ఎవడొస్తున్నాడు నా కొట్టుకి?" టేబుల్ మీది చక్కెర బిళ్ల తీసి రుస్తెమ్ ముందు పడేశాడు. "ఇదెక్కడ కొన్నావ్, చెప్పు."

బిళ్ల కాగితం మీద గొడుగు బొమ్మ. రుస్తెమ్ దాన్ని బోర్లా తిప్పి పెట్టాడు.

అప్పుడే బయట గంట మోగింది. మునెవ్వెర్ అమ్మమ్మ బుట్ట, సఫెత్ కొట్టు మూసేసిన షట్టరు ముందు వేలాడుతూ మెల్లగా తిరుగుతోంది. సఫెత్ ఆ బుట్టనే చూస్తూ జేబులో తాళాలు తడుముకున్నాడు.

"ఒకటో తారీఖు దాకా కొట్టు నాదే కదా," అని లేచాడు.