బండి దిగకూడదు

ఇంటి వెనక రేకుల షెడ్డు, పొద్దున్నే. నలభై ఏళ్లు లారీ తోలి మానేసిన మామగారు, ఆయన కోడలు, ఇద్దరి మధ్యా ఒక పాత వ్యాను.

“మళ్లీ లెక్కపెట్టు.”

“రెండుసార్లు పెట్టాను మామయ్యా.”

“మూడోసారి పెడితే చెయ్యి అరిగిపోతుందా? పైకి చదువు, వింటాను. నా కళ్లకి ఆ అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి.”

“జాకీ ఒకటి. జాకీ కింద వెయ్యడానికి చెక్క. స్టెప్నీలు రెండు. గాలి పంపు, గాలి చూసుకునే మీటరు. పార. చక్రాల కింద పెట్టే ఇనప పట్టెలు రెండు. లాగుడు తాడు. ఫ్యాన్ బెల్టు. ఫ్యూజులు ఒక డబ్బా. ఇంజనాయిలు రెండు లీటర్లు. టార్చి. మందుల పెట్టె.”

“మందుల పెట్టెలో ఏమున్నాయి?”

“అన్నీ.”

“అన్నీ అనేది మందు పేరు కాదు.”

“జ్వరానికి, విరేచనాలకి, కాలిన గాయానికి. కట్టు గుడ్డ. కత్తెర. ఉప్పూ చక్కెరా కలిపిన పొడి ఇరవై పొట్లాలు.”

“డీజిలు?”

“ట్యాంకు నిండా. డబ్బాల్లో ఇంకో నలభై.”

“నీళ్లు?”

“అరవై లీటర్లు.”

“ఎన్ని రోజులకి?”

“మనిషికి రోజుకి అయిదు. ఒక్కదాన్నే కదా, పన్నెండు రోజులు. ప్రయాణం ఆరు రోజులే.”

“రేడియేటర్‌కి దాహం వెయ్యదా?”

“దానికి విడిగా పది లీటర్లు పెట్టాను.”

“ఊఁ.”

“ఊఁ అంటే బాగుందనా?”

“ఊఁ అంటే ఊఁ. ఈ దిండ్లేంటి?”

“పడుకోడానికి.”

“మూడా?”

“ఒకటి తల కింద. ఒకటి తోలేటప్పుడు నడుముకి. ఇంకోటి... తెలీదు. మంచం మీద ఉంది కదా అని తెచ్చేశాను.”

“వాడిదా?”

“ఆయనదే.”

“దించేస్తావా?”

“దించేస్తాను. నాకేం తేడా లేదు మామయ్యా.”

“వద్దులే, ఉండనీ. దిండు బరువుకి బండి కుంగిపోదు. కానీ టాపు మీద ఆ పెట్టెందుకు కట్టావు? ముప్ఫై కిలోలుంటుంది.”

“ఫోన్‌లో వీడియోలు చూశాను. అందరూ పైనే కడుతున్నారు.”

“అందరూ! ఆ వీడియో వాళ్లు పొద్దున్నే కొండ అంచున కుర్చీ వేసుకుని, కాఫీ మిషను పక్కన పెట్టుకుని జుట్టు ఎగరేసుకుంటారు. ఆ కుర్చీ ఎత్తగానే వాళ్ల వెనక లాగుడు బండి వస్తుంది. అది వీడియోలో నీకు చూపించరు. బరువు పైకి ఎక్కితే మలుపులో బండి నీ మాట వినదు, పక్కకి ఒరుగుతుంది. బరువైనదంతా కింద, రెండు ఇరుసుల మధ్యా ఉండాలి. పెట్టె దింపు.”

“సరే మామయ్యా.”

“సరే, సరే, సరే. పద్నాలుగు నెలల నుంచి ఆ ఒక్క ముక్కే నీ నోట్లోంచి. దింపావా? ఇప్పుడు చెప్పు. మెత్తటి ఇసుక వచ్చింది. టైర్లలో గాలి ఎంత పెంచుతావు?”

“పెంచను. దించుతాను.”

“నేను పెంచమంటున్నాను కదా.”

“దించాలి మామయ్యా. టైరు పరుచుకుంటేనే ఇసుక మీద తేలుతుంది. మీరే చెప్పారు.”

“అప్పుడు అలా చెప్పాను, ఇప్పుడు పెంచమంటున్నాను. నీ వయసంత సర్వీసు చేసినవాణ్ని.”

“తప్పు మామయ్యా.”

“ఏమన్నావు?”

“తప్పన్నాను.”

“గట్టిగా అను, వినపడలేదు.”

“తప్పు!”

“ఆ. పోయిన నెల ఇదే ప్రశ్న వేస్తే ‘మీ ఇష్టం మామయ్యా’ అన్నావు. అందుకే తాళం ఇవ్వలేదు.”

“అప్పుడు నోరు రాలేదు.”

“ఇప్పుడు వచ్చిందిగా.”

“వచ్చింది. తాళం ఇచ్చేస్తారా మరి? ఈ పొద్దుతో నాలుగోసారి. మొదటిసారి బ్యాటరీ బాగోలేదన్నారు. తర్వాత నాకు టైరు మార్చడం రాదన్నారు. నేర్చుకున్నాను. పోయిన నెల గాలి సంగతి. ఇవాళ ఇవ్వకపోతే ఎండలు వచ్చేస్తాయి, మళ్లీ వచ్చే ఏడే.”

“వచ్చే ఏడు వెళితే ఏమైంది? ఆ రోడ్డు ఎక్కడికీ పారిపోదు.”

“వచ్చే ఏటికి నేను లేవను మామయ్యా. లేవనంటే చచ్చిపోతానని కాదు, కంగారు పడకండి. మంచం మీద నుంచి లేవను. నాకు తెలుస్తోంది.”

“అవేం మాటలు.”

“ఆయన దొరికారని కబురు వచ్చినప్పుడు బట్టలు ఆరేస్తున్నాను. ఫోన్‌లో వాళ్లు చెప్పింది విని, సరేనండీ అని పెట్టేసి, మిగతా బట్టలు ఆరేశాను. క్లిప్పులు కూడా పెట్టాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావట్లేదు. పళ్ల డాక్టరు సూది వేశాక చెంప ఉంటుందే, ఒళ్లంతా అలా ఉంది.”

“నాకూ తిండి రుచి తెలీట్లేదు. తెలిసినట్టు నటిస్తున్నాను. నువ్వు వండింది బాగోలేదంటే బాధపడతావని.”

“నేను ఉప్పు వెయ్యడం మర్చిపోయినా బాగుందనే అన్నారు, అప్పుడే తెలిసింది.”

“ఎప్పుడు మర్చిపోయావు?”

“చాలాసార్లు.”

“చెప్పొచ్చు కదా.”

“మీరూ చెప్పొచ్చు కదా.”

“సర్లే. అక్కడికి వెళ్లి ఏం చేస్తావు? అక్కడేం లేదు. తెల్లటి ఉప్పు నేల. నేను చూశాను కదా, ఈ బండి తెచ్చుకోడానికి వెళ్లినప్పుడు.”

“ఏమీ చెయ్యను. ఆయన ఆగిపోయిన చోటు దాటి, రోడ్డు చివరిదాకా తోలుతాను. ముందు తనొక్కడూ వెళ్లి దారి చూసి వస్తానన్నారు, తర్వాత ఇద్దరం వెళ్దామన్నారు. ఆ దారి చివర ఏముందో చూస్తే ఏదైనా కదులుతుందేమోనని. ఏడుపో, కోపమో, ఏదో ఒకటి.”

“కోపం ఎవరి మీద?”

“ఎవరి మీదో ఎందుకుంటుంది?”

“అంటే... వాడి మీదేనా? వాడి మీద కోపం రావాలి నీకు. బండిలో నలభై లీటర్ల నీళ్లు పెట్టుకుని, బండి వదిలి నడిచాడు. తెలివితక్కువ దద్దమ్మ.”

“ఆ మాట మీరు అందరితోనూ అన్నారు.”

“అనక? నలుగురూ వచ్చి, అంత పెద్ద డ్రైవరు కొడుకు, ఆ మాత్రం తెలీదా అని అడిగితే ఏం చెప్పమంటావు?”

“ఏం చెప్పమనను.”

“ఆ స్టౌ సిలిండరు కదులుతోంది, పట్టీ బిగించు. ఇంకో బిగువు. ఆ. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను చెయ్యాలి, ఎక్కడున్నావో చెప్పాలి. గుర్తుంది కదా?”

“ఉంది. ఆరింటికల్లా మీ ఫోను మోగుతుంది.”

“నాకు కాదు.”

“మరి?”

“మీ అన్నయ్యకి చెయ్యి. దారి పొడుగునా సాయానికి ఒక నంబరు ఉంటుంది, బోర్డుల మీద రాసి ఉంటుంది, దానికి చెయ్యి. నాకు చెయ్యకు.”

“మీకు చెయ్యకపోతే ఎలా?”

“నాకు చెవుడు.”

“చెవుడా! పక్క వీధిలో సైకిలు ఆగినా ఎవరొచ్చారని అడుగుతారు.”

“ఫోన్‌లో వినపడదు. చెప్పేది వినవమ్మాయ్, నా దగ్గర సలహాలు అడగకు.”

“సంవత్సరం పైగా నేర్పిందంతా మీరే. సలహా అడగకూడదా?”

“ఇక్కడ అడుగు. ఈ షెడ్డులో, ఎదురుగా నిలబడి, బండి ముట్టుకుని అడుగు. అక్కడి నుంచి అడగకు. అక్కడి నేల నాకు కనిపించదు. కనిపించని నేల గురించి... వదిలెయ్. బండి ఇరుక్కుంది. ఏం చేస్తావు?”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. చివరి పరీక్ష అనుకో. ఉప్పు బురద. ఇరుసు దాకా దిగింది. ఎండ మాడుతోంది.”

“ఇంజను ఆపుతాను. రేజ్ చెయ్యను, చేస్తే ఇంకా లోతుకి పోతుంది. టైర్ల గాలి దించుతాను. చక్రాల ముందు పారతో తవ్వి పట్టెలు పెడతాను. మెల్లగా కదుపుతాను.”

“కదల్లేదు.”

“ఇంకోసారి తవ్వుతాను. సాయంత్రం, చల్లబడ్డాక.”

“అయినా కదల్లేదు.”

“తవ్వడం మానేసి కూర్చుంటాను. ఎండలో బండి నీడన, రాత్రి బండి లోపల. బానెట్ ఎత్తి పెట్టి, దాని మీద ఎర్ర గుడ్డ కడతాను. దూరం నుంచి వెతికేవాళ్లకి మనిషి కనపడడు, బండి కనపడుతుంది.”

“ఎన్ని రోజులు?”

“నీళ్లున్నన్ని రోజులు.”

“దూరంగా ఏదో షెడ్డు కనిపిస్తోంది. అరగంట నడక అంతే.”

“కూర్చుంటాను.”

“విసుగొస్తుంది. పిచ్చెక్కుతుంది. ఒక్కదానివే.”

“ఇంట్లోనూ ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. కూర్చుంటాను.”

“సిగ్నల్ దొరికింది. ఒక్క గీత. ఫోన్‌లో ఒక మనిషి నడిచి వచ్చెయ్ అన్నాడు.”

“ఎవరు?”

“ఎవరో ఒకరు. నీకు నమ్మకమున్నవాడు. ఆ రోడ్డు తెలిసినవాడు.”

“ఎవరంటారు మామయ్యా అలా?”

“ప్రశ్నకి ప్రశ్నా? జవాబు చెప్పు.”

“ఎవరన్నా వినను. కూర్చుంటాను.”

“నేనంటే?”

“మీరన్నా.”

“ఒట్టు?”

“ఒట్టు. ఆ స్టూలు మీద కూర్చోండి. మంచినీళ్లు తెస్తాను.”

“నీళ్లొద్దు. వెళ్లకు. వెళితే మళ్లీ నా నోరు మూసుకుపోతుంది. ఉండు. నిలబడు. అటు తిరిగి నిలబడు, నా వంక చూడకు.”

“తిరిగాను.”

“వాడు తెలివితక్కువవాడు కాదు. వాడు అడిగాడు. బండి ఇరుక్కున్న రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోను చేశాడు. కంగారేం లేదు వాడికి, నవ్వుతూనే ఉన్నాడు. నాన్నా, దిగబడిపోయాను, రేపు పొద్దునకి ఏదో ఒక బండి వస్తుంది, ఇక్కడే పడుకోనా అన్నాడు.”

“ఊఁ.”

“అదే సరైన మాట. వాడి నోట్లోంచే వచ్చింది. నేను నవ్వాను. నా కొడుకువై ఉండి ఎవడో వచ్చి లాగేదాకా పడుకుంటావురా అన్నాను. తూర్పుకి నడిస్తే ఆరు కిలోమీటర్లలో రోడ్డు గేటు ఉంది, కాపలావాడి దగ్గర ట్రాక్టరు ఉంటుంది, నా రోజుల్లో ఎన్నిసార్లు నడిచానో అన్నాను. గంటన్నర నడకకి నీళ్ల డబ్బా మొయ్యడమెందుకు, ఒక సీసా చాలన్నాను. ఇవన్నీ నేనే అన్నాను.”

“మామయ్యా...”

“పూర్తి కానివ్వు. ఆ గేటు అక్కడి నుంచి తీసేసి ఇరవై రెండేళ్లయిందట. నేను ఆ రోడ్డు మానేసిన మరుసటి ఏడే. బండి తెచ్చుకోడానికి వెళ్లినప్పుడు వాళ్లు చెప్పారు. మర్నాడు వాడి ఫోను కలవకపోతే ఏమన్నానో గుర్తుందా నీకు? బ్యాటరీ అయిపోయి ఉంటుందిలే, కంగారు పడకు అన్నాను. అన్నం కలుపుకుంటూ అన్నాను.”

“గుర్తుంది.”

“వాడు ఎక్కడ దొరికాడో తెలుసుగా. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర. ఆరు దగ్గర గేటు లేకపోతే ఎవడైనా వెనక్కి వస్తాడు. వాడు రాలేదు. నాన్న లెక్క ఒకటో రెండో తప్పి ఉంటుంది, ఇంకాస్త ముందుంటుంది అనుకున్నాడు. తర్వాత ఇంకాస్త. పద్దెనిమిది కిలోమీటర్ల దాకా నన్ను నమ్మాడమ్మా వాడు.”

“వింటున్నాను.”

“మీ అత్తయ్య బతికుంటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదు. నీకు చెబుదామని ప్రతిసారీ అనుకున్నాను. చెబితే నువ్వు వెళ్లిపోతావు, ఈ ఇంట్లో పలకరించే మనిషి ఉండదు. అందుకే బ్యాటరీ బాగోలేదన్నాను. బ్యాటరీ బాగానే ఉంది. టైరు మార్చడం నువ్వు రెండో రోజే నేర్చుకున్నావు.”

“తెలుసు.”

“ఏం తెలుసు? బ్యాటరీ సంగతా? సర్లే, ఇదిగో తాళం. చెయ్యి చాపు. బండి సిద్ధంగా ఉంది, నువ్వూ సిద్ధంగా ఉన్నావు. తీసుకుని వెళతావో, నా మొహాన కొట్టి వెళతావో నీ ఇష్టం. ఏదో ఒకటి అను. ఇటు తిరుగు. తిట్టు. నీకు కోపం రావాలి, వస్తే నీకే మంచిది. అమ్మాయ్, నిన్నే. ఎందుకలా నిలబడ్డావు?”

“ఆ రోజు మీరు ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడారు మామయ్యా. నేను మీ కుర్చీ వెనకే ఉన్నాను, ఆయన వెళ్లే దారి మ్యాపు చేతిలో పట్టుకుని. అందులో ఆ గేటు లేదు. పెద్దవారు చెబుతుంటే మధ్యలో తప్పని ఎలా అంటానని ఊరుకున్నాను.”