ఉత్తరాల దారిలో బొమ్మలు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నా రాత నిదానం. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

పోస్ట్‌మ్యాన్ భర్త పోయినప్పటి నుంచి అక్క రోజుకొక పాత కట్టడం బొమ్మ వేస్తోంది. ఆ పొద్దున చెల్లెలు వాటన్నిటినీ గోడకు వరుసగా ఆనించి చూసింది.

"అక్కా, గడియారం మేడ, మూసేసిన ప్రెస్సు, పాత స్టేషను... ప్రతి గుమ్మంలోనూ ఈ సంచీ మనిషిని ఎందుకు వేశావు?"

"నేను వెయ్యలేదే. రంగు ఆరాక తనే వచ్చి నిలబడుతున్నాడు."

"నీ కళ్లకు పొరలు కమ్మాయి."

"నీకూ కనబడుతున్నాడుగా! నీవీ పొరలేనా?"

చెల్లెలు మళ్లీ వరుసంతా చూసింది.

"ఇది బావ ఉత్తరాలు పంచిన దారి కదూ?"

"అవును, ఆ దారే పట్టుకుని వేస్తున్నాను. నిన్నటి ఆసుపత్రితో సంచీ ఖాళీ. ఆ తర్వాత నేరుగా ఇంటికే వచ్చేవాడు."

"నీకు దణ్ణం పెడతాను, ఇవాళ మనిల్లు వెయ్యకు. వేసినా తలుపు మూసి వెయ్యి."

"తెల్లారగానే వేశాను. మూసే వేశాను. ఆరేసరికి తెరుచుకుంది."

"అయ్యో, ఇప్పుడెలాగక్కా?"

"ఎందుకే అంత కంగారు? ఆయనిల్లే కదా! ముందు నువ్వు గుమ్మానికి అడ్డం లే."

ఆ చెల్లెల్ని నేనే. పేరు చిట్టెమ్మ, వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నాను. అక్క రానంది.