తీసేసిన కూనిరాగం

చనిపోయిన పియానో వాద్యకారుడి పాత జాజ్ టేపును సౌండ్ ఇంజనీరు శుభ్రం చేసి, ఆయన భార్యకు వినిపించాడు.

“ఎలా ఉందమ్మా?”

“ఒక్కో స్వరం ముత్యంలా ఉంది బాబూ. మరి ఆయనేరీ?”

“వాయిస్తున్నది ఆయనేగా!”

“వాయిస్తూ కూనిరాగం తీసేవారు. శ్రుతీ లేదు, పాడూ లేదు. పక్కన డ్రమ్ములాయన నెత్తీ నోరూ బాదుకునేవాడు.”

“అదా! నానా తంటాలు పడి తీసేశానమ్మా. అభిమానులు వినేది పియానో కోసమే కదా.”

“పారేశావా?”

“లేదు, విడిగా ఉంచాను.”

“అదొక్కటే పెట్టు.”

పెట్టాడు. పియానో లేకుండా ఓ మగగొంతు గదిలో అపశ్రుతిగా మూలిగింది. ఆవిడ నవ్వింది.

“పొద్దున్నే గడ్డం గీసుకుంటూ కూడా ఇదే గోల. పియానో ఆ అభిమానులకిచ్చెయ్యి బాబూ. ఇది నాకియ్యి.”