ముందు పండుకు ప్లగ్గు పెట్టండి

అందరికీ నమస్కారం. కూర్చోండి. వెనక నిలబడ్డ డ్రైవరన్నలూ, ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. సరుకు ఎక్కించిన లారీలు బయట ఆపి వచ్చారని తెలుసు. అయినా మా అక్క సంతాప సభకు వచ్చారు. ప్యాకింగ్ షెడ్డు నుంచి అక్కచెల్లెళ్లు వచ్చారు, రేవు యార్డులో కరెంటు పనివాళ్లు వచ్చారు, ఏజెంట్లు వచ్చారు. మా బావగారి తరఫున, మా ఇంటి తరఫున మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

నేను ఆమె తోడికోడలిని. ఒకే ఇంట మెట్టినవాళ్లం, ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేసినవాళ్లం. చేపలు, పండ్లు, కూరగాయలు చల్లటి కంటెయినర్లలో పెట్టించి ఓడల మీద పరదేశాలకు పంపే బుకింగ్ ఆఫీసు మాది. ఎదురెదురు బల్లలన్నాను గానీ, ఆమె కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. కూర్చుంటే కదా! అన్నం నిలబడే తినేది. ఫోను నడుస్తూనే మాట్లాడేది. దీని అరికాళ్లలో చక్రాలున్నాయని మా అత్తగారు అనేవారు. కాలుగాలిన పిల్లి అని నేనన్నాను, చాటున కాదు, మొహం మీదే. మీరేమో ప్లగ్గు పిన్ని అన్నారు. ఎందుకన్నారు? కంటెయినర్ గేటు దాటిందని ఎవరు ఫోను చేసినా క్షేమమా అని అడగదు, తిన్నావా అని అడగదు. "ప్లగ్గు పెట్టారా?" అదే మొదటి మాట. కరెంటు అందకపోతే చల్లటి కంటెయినర్ ఉత్త ఇనప్పెట్టే కదా.

ఆమె పోయిన దగ్గర్నుంచి ఆ జబ్బు నాకు అంటుకుంది. ఒకచోట నిలవలేకపోతున్నాను. తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తున్నాను. ఇక్కడ కూడా కాలు ఆగడం లేదు, చూస్తూనే ఉన్నారు. ఆమెను పొగుడుదామని వచ్చాను. మాటలు కుదరడం లేదు. జరిగింది చెబుతాను, అంతే.

ఒకసారి దానిమ్మలు పంపుతున్నాం. దానిమ్మకు ప్లస్ ఐదు డిగ్రీల చల్లదనం చాలు. అంతకంటే బాగా దిగితే కాయ పాడైపోతుంది. అప్పుడే మా దగ్గర చేరిన గుమాస్తాగారు, పెద్దమనిషే, ప్లస్ బదులు మైనస్ కొట్టారు. ఎవరూ చూసుకోలేదు. కంటెయినర్ రేవుకు వెళ్లిపోయింది. ఆమె అలవాటుగా యార్డుకు ఫోను చేసింది. అంతా బాగుందండీ అన్నారు అవతల. ఆ మాటంటే ఆమెకు ఒళ్లు మంట. "బాగుందని చెప్పకండి. ఎంత ఉందో చెప్పండి."

సున్నాకు దగ్గర పడుతోందన్నారు. అంతే, పరుగు. తన చెప్పొకటి, నా చెప్పొకటి వేసుకుని పోయింది. నేను మిగిలిన జోడు వేసుకుని వెనక పోయాను. ఇద్దరం అలాగే యార్డులో నిలబడి ఆ పెట్టెను మళ్లీ ప్లస్సుకు తిప్పించాం. కాయ దక్కింది. మర్నాడు గుమాస్తాగారు ఉద్యోగం ఊడిందనుకుని బల్ల మీది సామాను సర్దుకుంటుంటే, ఆమె ఏమంది? "గీత చిన్నదేనండీ. తోట మొత్తం రాళ్లయ్యేది." అంతే. ఆ రోజు నుంచి ప్రతి బుకింగూ రెండోసారి సరిచూసే పని ఆయనకే అప్పగించింది. దెబ్బ తగిలిన వేలును ఎవరైనా జాగ్రత్తగా చూసుకుంటారని ఆమె లెక్క. ఆయన ఇంకా మా దగ్గరే ఉన్నారు.

ఇక రెండోది. ఇది చెప్పాలా వద్దా అని పొద్దుటినుంచీ కొట్టుకుంటున్నాను. చెబుతాను.

మా చేపల కంటెయినర్ ఉన్న ఓడ ఒకటి నడిసముద్రంలో చెడిపోయింది. లాక్కెళ్లి ఏదో చిన్న రేవులో ఆపారు, పెట్టెలన్నీ దించారు. చల్లటి పెట్టెలేమో చాలా, ఆ రేవులో ప్లగ్గులేమో కొన్నే. ఆమె ఆ యార్డు అధికారిని ఫోనులోనే బతిమాలి, విసిగించి, నవ్వించి, చివరికి మనకొక ప్లగ్గు సంపాదించింది. మా ప్రాణాలు లేచొచ్చాయి.

అంతలో పక్క వీధి ఏజెంటుగారు ఫోను చేశారు. మాకు పోటీ ఆయనే. ఎదురుపడితే మొహం తిప్పుకునే సంబంధం మాది. ఆయన ద్రాక్ష కంటెయినర్ కూడా అదే రేవులో, ప్లగ్గు లేకుండా. ఆ సంగతి ఆమె నాతో చెప్పింది. చెప్పి, అప్పటికప్పుడు ఆ అధికారికి మళ్లీ ఫోను కలిపింది. "ముందు పండుకు ప్లగ్గు పెట్టండి. తర్వాత మా చేపకు. చెరో పూట."

నేను ఊరుకున్నానా? నోటికొచ్చినట్టు అరిచాను. మన నోటి దగ్గరి కూడు తీసి ఆయనకు పెడతావా అన్నాను. ఆమె అటూ ఇటూ నడుస్తూనే జవాబు చెప్పింది. "మనది చచ్చిన చేప, తలుపు తీయకపోతే రేపటిదాకా ఆగుతుంది. ఆయనది బతికున్న పండు, ఆగదు."

నిజమే. కోసిన తర్వాత కూడా పండు ఊపిరి పీలుస్తుంది, తన వేడికి తనే కుళ్లుతుంది. గడ్డకట్టిన చేప ఒక రోజు ఓర్చుకుంటుంది. ఆమె లెక్క తప్పు కాదు. కానీ ఆ రేవులో డ్యూటీలో ఉన్న మనిషి మారాడు. వచ్చినవాడికి చెరో పూట సంగతి ఎవరూ చెప్పలేదు. రోజులు గడిచినా ప్లగ్గు ద్రాక్షకే ఉండిపోయింది. ఆమె ఫోను మీద ఫోను చేసినా ఎత్తిన నాథుడు లేడు.

ద్రాక్ష బాగా అమ్ముడుపోయింది. మా చేప అంచు వరసల్లో మెత్తబడింది. కొన్నవాడు వద్దన్నాడు. మళ్లీ గడ్డకట్టించి ఇంకెక్కడైనా అమ్మేయండని సలహాలొచ్చాయి. "ఎవరి పిల్లలో తింటారు" అని మొత్తం పారవేయించింది. ఆ సరుకు మాకప్పగించిన చేపల ఫ్యాక్టరీవాళ్లు మమ్మల్ని వదిలేశారు. వాళ్ల తప్పేముంది? ఆ ఫ్యాక్టరీ బుకింగు ఎవరికి పోయిందనుకున్నారు? పక్క వీధి ఏజెంటుగారికే! అది విని నేను కూలబడ్డాను. ఆమె కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. "పోనీలే, ఆ చేపలు ఎవరి దగ్గరైనా చల్లగానే ఉండాలి కదా" అంది.

ఆయన ఈ సభకు వచ్చారు. చివరి వరసలో ఉన్నారు. అయ్యా, వచ్చినందుకు దండం. కానీ అబద్ధం చెప్పను, ఆమెకు కోపం లేదు, నాకుంది. ఆమె చేసింది తప్పా, ఒప్పా? ఏళ్లుగా అడుగుతున్నాను. పొద్దున ఒప్పే అనిపిస్తుంది. మధ్యాహ్నానికి మళ్లీ తప్పనిపిస్తుంది. ఆమె ఉంటే పోట్లాడేదాన్ని. ఇప్పుడెవరితో పోట్లాడను?

చివరి సంగతి. ఆమె యార్డు మెట్ల మీద ఊపిరాడక కూలిపోతే, ఇక్కడున్న కరెంటన్నలే పట్టుకుని ఆసుపత్రికి తెచ్చారు. అక్కడ మాత్రం పడుకుందా? సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండా అంతా తిరిగింది. పక్క మంచాల వాళ్లందరి జబ్బులూ కనుక్కుంది. డాక్టరుగారు వచ్చి, బాగుందమ్మా అన్నారు. "బాగుందనకండి డాక్టరుగారూ, ఎంత ఉందో చెప్పండి." ఆయన మా వంక చూశారు, ఆమె వంక చూశారు, చెప్పారు. గుండె చేయాల్సిన పనిలో మూడో వంతు కూడా చేయడం లేదనీ, ఇక పెరగదనీ. బావగారు బయటికి వెళ్లిపోయారు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

అవును, కూర్చుంది. నన్నూ కూర్చోమంది. నేను కూర్చోలేకపోయాను. చెయ్యి పట్టుకుని ఇలా అంది: "సరుకు చల్లగా ఉండాలంటే మనం కాలుతూ ఉండక్కర్లేదే. నాకు చేతకాలేదు. నువ్వు నేర్చుకో." వారం తిరక్కుండానే వెళ్లిపోయింది. అక్కా, నాకూ ఇంకా చేతకాలేదు.

ఇప్పుడు మిమ్మల్ని మౌనంగా నిలబడమని అడగాలి. ఎలా అడగను? మన పనిలో నిశ్శబ్దమంటే ఏమిటో మీకు తెలుసు. యార్డులో మోటార్లన్నీ హోరుమంటుంటే ఆ హోరులోనే నవ్వుకుంటాం, టీ తాగుతాం. ఒక్క పెట్టె హోరు ఆగితే ఎవరో ఒకరు పరిగెత్తుతారు. ఈసారి ఎటూ పరిగెత్తడానికి లేదు.

లేవండి. ఒక్క నిమిషం కదలకుండా ఉందాం. నేనూ ప్రయత్నిస్తాను.