కుక్కకి చెప్పిన ఆకారాలు

ఏంటే, నలుచదరానికి మన అరపహో భాషలో ఏమంటారనా? భలేదానివే, అది నాకు నేర్పింది ఎవరనుకున్నావు! మీ అమ్మమ్మ వాళ్లమ్మ, విన్నిఫ్రెడ్. నాకు అత్త. నీకు తెలుసుగా, మనలో అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూడకూడదు, మాట్లాడకూడదు. అదో మర్యాద. ఇప్పటి కుర్రాళ్లు అత్తగారి పక్కనే కూచుని టీవీ చూస్తున్నారనుకో, ఆ సంగతి వదిలెయ్.

నేనేమో బళ్లో మన భాష చెప్పే పంతుల్ని. పిల్లలకి ఆకారాల పేర్లు చెబుదామంటే నాకే సగం రావు. వచ్చినవాళ్లంతా పోయారు, ఈవిడొక్కతే మిగిలింది. ఈవిడా పోతే మాటలూ పోయినట్టే. మీ అమ్మమ్మ చేత అడిగిద్దామంటే, తను పగలంతా రివర్టన్ ఊళ్లో పనికి పోయేది. అప్పుడు అత్త ఏం చేసిందంటావు? గుమ్మానికి దుప్పటి కట్టి, అటు కూచుని పూసలు కుట్టుకుంటూ కుక్కతో చెప్పేది! "ఒరేయ్ కుక్కా, పళ్లెం గుండ్రం వేరు, బంతి గుండ్రం వేరురా. రెండూ ఒకటే అనేవాడు ఏం పంతులురా!" ఇటు నేను గట్టిగా అనేవాణ్ణి. తప్పు పలికితే "ఛీ, ఈ కుక్కే నయం" అనేది. మూలలున్న వాటి దగ్గరికొచ్చామో లేదో, కుందేలు కనబడి ఆ వెధవ కుక్క ఏటివైపు ఉడాయించింది. ఆవిడ టక్కున నోరు మూసింది. ఎవరితో చెబుతుంది మరి! దాని వెనకాల నేను పరుగో పరుగు.

మళ్లీ పాఠం మొదలెట్టేలోపే, ఆ చలికాలంలో అత్త ఆయాసం ముదిరి ఆస్పత్రిలో పడింది. అక్కడికి కుక్కని రానివ్వరుగా. మూలల మాటలు అలాగే ఉండిపోయాయి. ఇక అంతేలే అనుకున్నా. ఓ పొద్దున లేచి చూస్తే, ఆవిడకున్న ఒక్కగానొక్క గుర్రం నా బండికి కట్టేసి ఉంది. కొడుకు చేత పంపింది. అత్త అల్లుడికి గుర్రమిస్తే, చూడకూడదు మాట్లాడకూడదన్న ఆ అడ్డు తీసేసినట్టే కదా మనకి. ఆస్పత్రికి పరిగెత్తా. పెళ్లయిన అన్నేళ్లకి ఆవిడ మొహం చూడ్డం అదే. నన్ను ఎగాదిగా చూసి, "ఓసి నా కూతురా, ఈ ముక్కు చూసే చేసుకున్నావా!" అంది. నాకు ఏడుపొచ్చేసింది. "ఏడుపు తర్వాత. ముందు నాలుగు మూలలది అను" అంది. అన్నాను. "కాదు, మళ్లీ." పొద్దుగూకేదాకా అదే పని. మూడు మూలలది, మొన తేలింది, అన్నీ చెప్పింది. మర్నాడు పోయింది.

మాటలన్నీ దక్కాయిలే. కానీ ఏంటంటే... మాట్లాడుకోడానికి ఆ ఒక్క పూటే దొరికితే, "అత్తా" అని ఒక్కసారన్నా పిలవలేదే నేను...

ఆ రొట్టె తిప్పు, మాడుతోంది.