అక్క వేసుకున్న కుర్చీ

పాత సామాన్లు కొనే బండిని వాకిట్లో ఆపి, తమ్ముడు అక్క గదిలోకి వచ్చాడు. ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టలేదు.

“అక్కా, మన చిన్నప్పటి కంప్యూటర్ ఇంకా ఎందుకు? ఇచ్చేయ్.”

“ఇవ్వను. ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చాను, మెమరీ పెంచాను. లక్షణంగా నడుస్తోంది.”

“నడిచి ఏం ఉద్ధరిస్తుంది? అందులో ఇంటర్నెట్ కూడా సరిగ్గా రాదు.”

“రాకపోతే పీడా పోయింది. నేను ఆడుకోవడానికి బాగుచేసుకున్నా.”

“ఈ వయసులో ఆటలేంటక్కా? నలుగురూ నవ్వుతారు.”

“నవ్వనీ. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు దీని ముందు నీకు కుర్చీ వేసి, ఆడపిల్లకి ఆటలెందుకని నన్ను వెనకాల నిలబెట్టారు. ఇప్పుడు నా కుర్చీ నేనే వేసుకున్నా.”

ఆమె మీట నొక్కింది. తెర వెలిగింది. తమ్ముడు ముందుకు వంగి దానివైపు చూశాడు.

“సరే, బండిని పంపించేస్తా. నేనూ ఒక్కసారి ఆడనా?”

“ముందు నా ఆట అవనీ. ఇన్నేళ్ళు ఆగిన ఆట, ఇప్పట్లో అవదు.”