ఎనిమిదో పేజీ

మీటింగు గది తలుపు సగం తెరిచి ఉంది. భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన అక్కాతమ్ముళ్లిద్దరూ బల్ల మీద పాతికేళ్ల కంపెనీ చరిత్ర ప్రూఫులు పరుచుకుని ఉన్నారు.

“ఎనిమిదో పేజీ ఏదిరా?”

“తీసేశానక్కా. శుభమా అని పుస్తకం వేస్తుంటే ఆ ఏడుపెందుకు?”

“బాల్కనీకి కావలసిన ఇనుములో సగమే చాలు అని చెప్పింది మన మొదటి ప్రోగ్రాం. అది ఏడుపు కాదు, చరిత్ర.”

“వారంలో పట్టేశాం కదా!”

“పెన్సిలుతో లెక్క కట్టి పట్టింది నేను. కంప్యూటర్ తప్పు చెయ్యదని నా మీద ఎగిరింది నువ్వు.”

“సరే తల్లీ, నువ్వే. కొన్నవాళ్లందరికీ ఫోన్లు కూడా చేశావు. అయిపోయింది.”

“పద్నాలుగు మందికి చేశా. పదమూడు మంది ఎత్తారు.”

“పాతికేళ్లు పడని బాల్కనీ ఇప్పుడు పడుతుందా?”

“ఇనుము ఏటేటా తుప్పు పడుతుందిరా, ఇంజనీరువేనా నువ్వు? ఫోన్ ఎత్తని ఆ ఒక్కడికీ ఉత్తరం రాద్దామంటే పరువు పోతుందన్నావు. నోరు మూసుకోవడం నా బుద్ధితక్కువ.”

“ఇప్పుడు అతని అడ్రసు కూడా లేదే!”

“అందుకే ఆ పేజీ. ఈ పుస్తకం ఊరూరా ఇంజనీర్లకి పంచుతున్నావుగా? ఏ చేతిలోంచో అతనికి చేరుతుంది.”

“కంపెనీ కొనేవాళ్లు రేపొస్తున్నారు. చదివితే బేరం గోవిందా!”

“ఆ బాల్కనీలో బట్టలారేసుకునే మనిషి కంటే నీ బేరం ఎక్కువా?”

“అక్కా, పుస్తకం పొద్దున్నే ప్రెస్సుకి పంపేశాను.”

“ఫోన్ చేసి ఆపు.”

“మెషీన్ల మోతలో ఎత్తరు.”

“ఎత్తలేదనే అప్పుడు వదిలేశా. ఇలా ఇవ్వు ఆ ఫోను. ఈసారి ఎత్తేదాకా చేస్తా.”